మేకు కొట్టని పడవ: మసూలా నమూనాను ఇంట్లోనే కుట్టుకోవడం ఎలా?

మద్రాసుకు రెండు వందల ఏళ్లకు పైగా ఓడరేవు ఉండేది కాదు. 1639లో ఈస్టిండియా కంపెనీ ఆ తీరంలో చోటు సంపాదించిన నాటి నుంచి పెద్ద ఓడలన్నీ ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకుని నిలబడాల్సిందే. ఓడకూ ఒడ్డుకూ మధ్య వరసకట్టి విరిగే కెరటాలు. వాటి మీదుగా మనుషుల్ని, మూటల్ని, పీపాల్ని దాటించింది మసూలా పడవ. మేకులతో బిగించిన ఓడ పడవలు ఆ అలల్లో దిగి ఇసక తిన్నెకు కొట్టుకుంటే పలకలు విచ్చుకునేవి. మసూలాలో మేకు లేదు. పక్కటెముకల్లా లోపల నిలిచే చట్రం లేదు. పలకకు పలకను కొబ్బరి తాడుతో కుట్టేవారు. నేల తగిలినప్పుడు పడవ మొత్తం కాస్త ఒంగేది, మళ్లీ తేరుకునేది.

ఇది ఒక్క మద్రాసు సంగతి కాదు. మచిలీపట్నం, విశాఖ, గోపాలపూర్, పూరీ దాకా తూర్పు తీరంలో కుట్టు పడవలు తిరిగాయి. మన జాలర్లు అలివి వల (ఒడ్డుకు లాగే పెద్ద వల) వేయడానికి వీటినే వాడేవారు. మద్రాసులో 1861లో ఇనుప పియరు (సముద్రంలోకి చొచ్చుకెళ్లే వంతెన) వచ్చింది, 1875లో రేవు పని మొదలైంది. 1881 తుఫాను ఆ రేవు గోడల్ని దెబ్బతీసినా, పని ఆగలేదు. రేవు కుదురుకున్నకొద్దీ మసూలాకు పని తగ్గింది. కుట్టు విద్య మాత్రం పోలేదు. 2025 మేలో కార్వార్‌లో మన నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్‌వీ కౌండిన్య కుట్టు ఓడే. అజంతా చిత్రంలోని ఓడను చూసి దాన్ని కట్టారు.

చారిత్రక పడవల నమూనాలు చేద్దామనుకునేవాళ్లు చాలామంది తెరచాపలు, ఫిరంగులు ఉన్న యూరప్ ఓడల కిట్లతో మొదలుపెడతారు. నన్నడిగితే మన తీరం పడవతో మొదలుపెట్టడం మంచిది. మసూలాకు తెరచాప లేదు, కొక్కేల్లేవు, చెక్కడాల్లేవు. ఉన్నదల్లా కుట్టు. ఆ ఒక్క పనీ నేర్చుకుంటే పడవ మీ చేతికి వచ్చేసినట్టే.

పని మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకోండి: పలకల మధ్య జిగురు రాయకూడదు. జిగురుతో అతికించి, పైన దారం అలంకారానికి చుట్టిన నమూనాలు దూరం నుంచి బాగానే కనిపిస్తాయి. చేత్తో పట్టుకుంటే రాయిలా బిగుసుకుని ఉంటాయి. అది మసూలా కాదు. మీ నమూనాలో దారమే పలకల్ని పట్టి ఉంచాలి. రెండు చేతులతో పట్టి మెల్లగా మెలితిప్పితే పడవ కదలాలి. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ కదలిక కోసమే.

కొలతలు

1830ల్లో ఈ పడవల గురించి రాసిన ఇంగ్లిష్ నౌకా నిపుణుడు వీటి పొడవు 30 నుంచి 35 అడుగులు, వెడల్పు 10–11 అడుగులు, లోతు 7–8 అడుగులు అని లెక్క ఇచ్చాడు. పొడవుకు తగ్గ వెడల్పు, దానికి తగ్గ లోతు. అందుకే చూడ్డానికి పొట్ట పడవలా ఉంటుంది. మనం 32 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, మధ్యలో 7 అడుగుల లోతు ఉన్న పడవను తీసుకుందాం. అడుగుకు అర అంగుళం లెక్కన కుదిస్తే, అంటే 24 వంతుల్లో ఒక వంతు చేస్తే, నమూనా పొడవు 40 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. టీవీ పక్కన పెట్టుకునేంత సైజు. ఇంతకంటే చిన్నది చేయొద్దు. కుట్టు రంధ్రాలు మరీ దగ్గరై పలక అంచు చిట్లిపోతుంది.

ఆ కొలతల్లోంచి నమూనా కోసం నేను గీసుకున్న అంకెలు ఇవి, అన్నీ మిల్లీమీటర్లలో, పలక మందం తీసేశాక. అచ్చులు (పలకలు కుట్టేటప్పుడు ఆకారం కోసం లోపల తాత్కాలికంగా నిలబెట్టే అడ్డచెక్కలు) మొత్తం 5: ఒకటి సరిగ్గా నడుమ, రెండు దానికి అటూ ఇటూ 75 దూరంలో, మరో రెండు 140 దూరంలో. ప్రతి అచ్చుకూ మధ్య గీత నుంచి ఒక పక్కకు సగం వెడల్పు చూసుకోవాలి.

- నడుమ అచ్చు: ఎత్తు 88. అడుగున సగం వెడల్పు 19, అడుగు నుంచి 10 ఎత్తులో 43, 44 ఎత్తులో 58, పై అంచు దగ్గర 62.
- 75 దగ్గర అచ్చులు: ఎత్తు 91. అడుగున 16, తర్వాత అదే వరసలో 33, 48, 55.
- 140 దగ్గర అచ్చులు: ఎత్తు 99. అడుగున 9, తర్వాత 13, 23, 33.

ఈ నాలుగు చుక్కల్నీ మెత్తటి వంపుతో కలపండి. ఎక్కడా మూల రాకూడదు. పడవ ముందూ వెనకా ఒకేలా, రెండువైపులా కోసుగా ఉంటుంది. కాబట్టి మూడు నమూనా కాగితాలు గీస్తే ఐదు అచ్చులకూ సరిపోతాయి.

ఏ చెక్క తీసుకోవాలి

అసలు పడవలకు ఎక్కువగా మామిడి చెక్క వాడేవారు. నమూనాకూ మామిడే బాగుంటుంది. సామిల్లులో చెప్పి 1.5 మి.మీ. మందం బద్దలు తీయించుకోండి. అంత సన్నగా కోయలేమంటే 3 మి.మీ. తీయించి ఇంట్లో చిత్రిక పట్టుకోవచ్చు. నరాలు పొడవునా తిన్నగా పోయే ముక్కలే ఏరుకోండి. పీచు వాలుగా అంచులోకి దిగిపోయే బద్దను పక్కన పడేయండి. రంధ్రాలు వేస్తున్నప్పుడు అది తప్పకుండా చీలుతుంది.

కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొనికి అందుబాటులో ఉంటే దాన్ని పలకలకు వాడాలని అనిపిస్తుంది. తేలిగ్గా ఉంటుంది, కత్తికి వెన్నలా తెగుతుంది. సరిగ్గా అందుకే పనికిరాదు. దారం బిగించగానే రంధ్రం గాడిలా సాగిపోతుంది. ఏటికొప్పాక వాళ్లు వాడే అంకుడు కర్ర దానికంటే నయం, పడవ రెండు కొసల్లో నిలబెట్టే మొన ముక్కలు చెక్కడానికి చక్కగా పనికొస్తుంది. మామిడి దొరక్కపోతే విమానాల నమూనాలు అమ్మే షాపుల్లో 1.5 మి.మీ. బాస్‌వుడ్ షీట్లు తెచ్చుకోండి. ప్లైవుడ్ మాత్రం వద్దు. వంగడానికి మొరాయిస్తుంది, అంచులో పొరలు కనిపిస్తాయి.

దారం కోసం వడి గట్టిగా ఉన్న నూలు దారం, 0.4 మి.మీ. మందంలో, 40 మీటర్లు కొనండి. తెల్ల దారాన్ని చిక్కటి టీ డికాక్షన్‌లో రాత్రంతా నానబెట్టి ఆరేస్తే పాత కొబ్బరి తాడు రంగు వస్తుంది. ఆరాక తేనె మైనం ముద్ద మీదుగా రెండుసార్లు లాగండి. మైనం పట్టని దారం సగం అతుకు అయ్యేసరికి రంధ్రాల్లో ఒరుసుకుని పోగులు లేస్తుంది. నైలాన్ దారం కొనకండి. సాగుతుంది, ముడి జారుతుంది, ఎంత రంగు వేసినా మెరుపు పోదు.

ఇంకో వస్తువు కొబ్బరి పీచు. బావి తాడు ముక్క ఒకటి చాలు. నీళ్లలో నానబెట్టి, వడి విప్పి, సన్నటి పీచులు ఏరి, 2 మి.మీ. లావు పాయలుగా తయారుచేసుకోండి. ఇది అతుకు మీద పరిచే మెత్త. అసలు పడవలో నీళ్లు దూరకుండా ఆపేది ఇదే.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. సన్న పళ్ల రంపం, పదునైన కట్టర్, ఆకురాయి, 120, 220 నంబర్ల ఉప్పు కాగితం, స్టీలు స్కేలు, బట్టల క్లిప్పులు ఒక డజను. డబ్బు పెట్టాల్సింది ఒక్కదాని మీదే: వేళ్లతో తిప్పే పిన్ వైస్ డ్రిల్లు, దానికి 1 మి.మీ. బిట్లు కనీసం ఆరు. బిట్లు విరుగుతాయి, ముందే ఎక్కువ తెచ్చుకోండి.

అచ్చు కట్టడం

అసలు పడవకు అచ్చు ఉండేది కాదు. ముందు పలకలు కుట్టేవారు, ఆకారం అలాగే కుదిరేది. అది తరాల అనుభవం ఉన్న చేతులకు సాధ్యం. మనకు తాత్కాలికంగా అచ్చు కావాలి, పని అయ్యాక దాన్ని తీసేయాలి. అందుకే రెండు విషయాలు ముందే చూసుకోవాలి: సూది లోపలికి వెళ్లాలి, చివర్లో అచ్చు బయటికి రావాలి.

4 మి.మీ. ప్లైవుడ్‌లో ఐదు అచ్చులూ కోయండి. పై అంచు దగ్గర ఆపేయకుండా, అడుగు నుంచి 150 మి.మీ. వచ్చేదాకా కాళ్లలా పొడిగించండి. పడవను బోర్లా పెట్టి కడతాం కాబట్టి ఈ కాళ్లు కిందికి ఉంటాయి. ప్రతి అచ్చునూ నిలువునా మధ్యకు కోసి, నడుమ 15 మి.మీ. ఖాళీ వదిలి, రెండు సగాల్నీ అడ్డంగా ఒక బద్దతో స్క్రూలు పెట్టి కలపండి. చివర్లో ఆ బద్ద విప్పితే రెండు సగాలూ లోపలికి జరిగి సులువుగా వచ్చేస్తాయి. ఈ పని చేయకపోతే కుట్టిన పడవలో అచ్చు ఇరుక్కుపోతుంది.

అచ్చుల్ని చదునైన బల్ల మీద బిగించకండి. 45 సెం.మీ. పొడవున్న రెండు కర్రల్ని 40 మి.మీ. ఎడంతో నిచ్చెనలా పేర్చి, వాటి మీద కాళ్లు నిలబెట్టండి. అప్పుడు కింద నుంచి, పక్కల నుంచి వేళ్లు లోపలికి వెళ్తాయి. మూలమట్టం పెట్టి ప్రతి అచ్చూ నిటారుగా ఉందో లేదో చూడండి. అచ్చు అంచులకు మైనం పూస్తే పలక అంటుకోదు.

అడుగు పలక, మొనలు

అడుగు పలక పొడవు 300 మి.మీ., నడుమ వెడల్పు 38, కొసల్లో 15. దీనికి మాత్రం 2.5 మి.మీ. మందం తీసుకోండి. మసూలాకు కిందికి పొడుచుకొచ్చే వెన్నుపట్టె లేదు. ఇసక మీద కూర్చోవాలి కాబట్టి అడుగు దాదాపు చదునుగా ఉంటుంది.

మొన ముక్కలు రెండు. 5 మి.మీ. మందం, 10 వెడల్పు, 118 పొడవు. అడుగు పలక కొసకు తగిలించి, పైకొస 50 మి.మీ. బయటికి వాలేలా నిలబెట్టండి. మొన దగ్గర ఎత్తు 108 వస్తుంది, నడుమ 88. కెరటంలోకి ఎదురెళ్లే పడవకు ఆ లేచిన కొసలే కావాలి. మొన అడుగు పలకను కలిసే చోట రెండిట్లోనూ నాలుగేసి రంధ్రాలు వేసి దారంతో గట్టిగా కట్టండి. ఇక్కడ ఒక చుక్క ఫెవికాల్ వేసుకోవచ్చు. కదలిక రావాల్సింది పక్క పలకల్లో గానీ ఈ కీలులో కాదు.

పలకలు కోయడం

ఒక్కో పక్కకు ఐదు పలకలు. ఒక్కోటీ నడుమ సుమారు 22 మి.మీ. వెడల్పు, మొన దగ్గర 23–24. కానీ తిన్నటి బద్ద తెచ్చి చుడితే సరిపోదు, వంపులో ఒక అంచు లేచిపోతుంది. పలక అసలు రూపం తెలియాలంటే పలచటి అట్ట ముక్కను అచ్చు మీద, ముందు పలక (అంతకుముందు కుట్టినది) అంచుకు ఆనించి పట్టుకుని, లోపలి నుంచి పెన్సిల్‌తో ఆ అంచును గీయండి. అట్టను తీసి చదునుగా పెడితే గీత వంకరగా కనిపిస్తుంది. అదే పలక కింది అంచు. దాని మీద వెడల్పు గుర్తులు పెట్టుకుంటే పై అంచు వస్తుంది. ప్రతి పలకకూ అట్ట వేరేగా తీయాలి. బద్ధకించి ఒకే అట్టతో నాలుగు పలకలు కోస్తే మూడో వరసకే ఖాళీలు మొదలవుతాయి.

ఎడమ, కుడి పలకల్ని రెండూ కలిపి ఒకేసారి కోయండి. ఒకదాని మీద ఒకటి పెట్టి క్లిప్పులు బిగించి, అంచుల్ని కలిపే ఉప్పు కాగితంతో రుద్దండి. రెండూ అచ్చం ఒకలాగే వస్తాయి.

పలకను వేడినీళ్లలో గంటసేపు నానబెట్టి, అచ్చు మీద వంచి, క్లిప్పులతో పట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున తీస్తే వంపు అలాగే నిలుస్తుంది. తడి మీద కుట్టొద్దు. తడిసిన చెక్క ఉబ్బి ఉంటుంది. ఆరాక కుంచించుకుంటే మీరు ఎంతో బిగించి వేసిన కుట్టు వదులైపోతుంది. ఆరిన పలక అంచును ముందు పలక అంచుకు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సన్నటి వెలుగు గీత కనిపించే చోట ఇంకాస్త వాలుగా రుద్దాలి. ఇక్కడ ఓపిక పట్టినవాళ్లకు కుట్టు దగ్గర పని సగం తగ్గుతుంది.

ఒక్క విషయం: ఎడమ మొదటి పలక కుట్టాక కుడి మొదటి పలక, తర్వాత ఎడమ రెండోది, ఇలా మార్చి మార్చి వెళ్లండి. ఒక పక్కే పైదాకా కుట్టుకుంటూ పోతే దారం లాగుడుకు పడవ ఆ పక్కకు తిరిగిపోతుంది.

రంధ్రాలు

రంధ్రం అంచు నుంచి 3 మి.మీ. లోపలికి, రంధ్రానికి రంధ్రానికి 5 మి.మీ. ఎడం. ఒక్కో అతుకుకు దాదాపు 80 జతలు, మొత్తం పది అతుకులు. అంటే 1600 రంధ్రాలు! అంకె చూసి టెన్షన్ పడకండి. రోజుకు ఒక అతుకు అనుకుంటే అలసట ఉండదు.

పాత స్టీలు స్కేలు ముక్కలోనో, గట్టి ప్లాస్టిక్ పట్టీలోనో ఒక అంచు నుంచి 3 మి.మీ. లోపలికి, 5 మి.మీ. ఎడంతో పది రంధ్రాలు సరిగ్గా వేసి పెట్టుకోండి. దాన్ని పలక అంచుకు ఆనించి, ఆ రంధ్రాల్లోంచే డ్రిల్లు దింపితే వరస తప్పదు. పట్టీని జరిపేటప్పుడు చివరి రంధ్రంలో ఒక గుండుసూది దించి, దానికి పట్టీ మొదటి రంధ్రాన్ని తగిలించండి. కొత్త పలకకు ఎదురు రంధ్రాలు గుర్తు పెట్టాలంటే దాన్ని అచ్చు మీద పట్టి, ముందు పలక రంధ్రాలకు సూటిగా పెన్సిల్ గీతలు గీసుకోవాలి. అచ్చు కట్టె అడ్డం వచ్చే చోట రంధ్రాన్ని ఒక వెంట్రుకవాసి పక్కకు జరపండి.

సూదితో గానీ మేకుతో గానీ పొడవకండి. పొడిస్తే పీచు పక్కకు నెట్టుకుని చీలిక తీస్తుంది. డ్రిల్లు పీచును కోసుకుంటూ వెళ్తుంది. వెనక ఒక చెక్క ముక్క పట్టుకుంటే రంధ్రం లోపలి వైపు పెచ్చులు లేవవు.

కుట్టు

ముందుగా కొత్త పలకను సన్నటి రాగి తీగతో ఐదారు చోట్ల ముందు పలకకు కట్టి నిలబెట్టండి. కుట్టు ఆ చోటికి వచ్చినప్పుడు తీగ తీసేయాలి.

సూది అవసరం లేదు. లోపల తిప్పడానికి అది అడ్డమే. దారం కొసను రెండు అంగుళాల మేర ఫెవిక్విక్‌తో తడిపి, వేళ్ల మధ్య కాకుండా ప్లాస్టిక్ కాగితంలో పట్టి తిన్నగా సాగదీయండి. ఆరాక దాన్ని ఏటవాలుగా కోస్తే అదే సూదిలా రంధ్రంలోకి దూరిపోతుంది. ఒక్కో అతుకుకు రానూపోనూ దాదాపు మూడు మీటర్ల దారం పడుతుంది. అంత పొడవు ఒకేసారి లాగితే చిక్కు పడుతుంది, సగం సగం తీసుకోండి.

లోపలి వైపు అతుకు మీద కొబ్బరి పీచు పాయను పొడవునా పరవండి. ఒక వేలితో దాన్ని నొక్కి పట్టుకుని, మొన వైపు నుంచి మొదలుపెట్టాలి. దారం లోపలి నుంచి ముందు పలక రంధ్రంలోంచి బయటికి వస్తుంది, అతుకును నిలువుగా దాటి కొత్త పలక రంధ్రంలోంచి లోపలికి వెళ్తుంది. లోపల పీచు మీదుగా ఏటవాలుగా నడిచి, పక్క జతలో ముందు పలక రంధ్రానికి చేరి మళ్లీ బయటికి వస్తుంది. ఇలా రెండో మొన దాకా వెళ్లండి. బయట నిలువు గీతలు, లోపల ఏటవాలు గీతలు కనిపిస్తాయి.

తర్వాత అదే అతుకు మీద, అవే రంధ్రాల్లోంచి వెనక్కి రండి. ఈసారి లోపల ఏటవాలు గీతలు ఎదురు దిక్కున పడి, పీచు మీద వరసగా ఇంటూ గుర్తులు ఏర్పడతాయి. బయట నిలువు గీత జంట దారమవుతుంది. పాయ మొత్తాన్నీ ఆ ఇంటూలు నొక్కిపట్టి, అతుకులోకి అదిమేస్తాయి. పీచు నీటికి తడిస్తే ఉబ్బుతుంది. అసలు పడవలో ఆ ఉబ్బే అతుకును మరింత మూసేది.

బిగింపు దగ్గర అసలు కిటుకు ఉంది. ఒక కుట్టు లాగి బిగించి, రెండోది వేసేలోపు మొదటిది జారిపోతుంది. అందుకే బిగించిన వెంటనే ఆ రంధ్రంలో పంటి పుల్ల మొన దూర్చి దారాన్ని చీలలా బంధించండి. తర్వాతి కుట్టు బిగించాక ఆ పుల్లను తీసి కొత్త రంధ్రంలో పెట్టాలి. మూడు పుల్లలు మార్చి మార్చి వాడితే చేతికి లయ దొరుకుతుంది. ఎంత బిగించాలో చేతికే తెలియాలి: బయటి దారాన్ని గోటితో మీటితే టింగుమనాలి గానీ, రంధ్రం అంచు నొక్కుకుపోకూడదు. చెక్క మీద దారం గాడి పడుతోందంటే ఎక్కువ లాగుతున్నారని అర్థం.

దారం అయిపోతే ముడిని ఎప్పుడూ లోపల, పీచు కింద దాచండి. ముడి మీద మాత్రం చిన్న చుక్క జిగురు వేయొచ్చు.

మొనల దగ్గర పలక కొసలు మొన ముక్కకు రెండు పక్కలా ఆనతాయి. ఎడమ పలక, మొన, కుడి పలక మూడింటినీ దాటేలా ఒకే రంధ్రం వేసి, దారాన్ని అటూ ఇటూ పోనిచ్చి కట్టండి. ఒక్కో పలక కొసకు మూడు రంధ్రాలు చాలు. ఇక్కడ బిట్లు విరుగుతాయి. నెమ్మదిగా తిప్పుతూ, మధ్యమధ్యలో పైకి తీసి పొట్టు దులపండి.

మూడు, నాలుగు పలకల అతుకుల దగ్గర చేయి లోపలికి పోవడం కష్టం. గాయానికి కుట్లు వేసే డాక్టర్లలాగా సన్నమొన పటకారు వాడుకోవాలి. ఐదో అతుకు పై అంచు దగ్గరే కాబట్టి మళ్లీ సులువవుతుంది.

అచ్చు తీసి, దూలాలు కట్టడం

పది అతుకులూ అయ్యాక పడవను నిచ్చెనతో సహా తిప్పి, అడ్డబద్దలు విప్పి, అచ్చు సగాల్ని ఒక్కొక్కటే లోపలికి జరిపి తీయండి. పీచుకు తగులుకుంటే బలవంతం చేయకుండా కాస్త వంచి తీయాలి. అచ్చులన్నీ తీశాక పడవను రెండు కొసలా పట్టి మెల్లగా మెలితిప్పి చూడండి. కుట్లు సన్నగా కిర్రుమంటూ పలకలు ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని, వదలగానే యథాస్థితికి రావాలి. ఏదైనా అతుకు విచ్చుకుంటే అక్కడి దారాన్ని కొక్కెంతో లాగి బిగించి, పుల్ల కొట్టి, కొస కత్తిరించేయండి.

ఆకారాన్ని నిలబెట్టడానికి పై అంచు మీద ఆరు అడ్డ దూలాలు వేయాలి. 5 మి.మీ. లావు గుండ్రటి పుల్లలు తీసుకుని, అంచుకు కింద రెండేసి రంధ్రాలు వేసి తాడుతో కట్టండి. జిగురు వద్దు. తెడ్లు వేసేవాళ్లు ఈ దూలాల మీద ఎత్తుగా కూర్చునేవారు. పాత మద్రాసు చిత్రాల్లో మనుషులు పడవ లోపల కాకుండా పైన కూర్చున్నట్టు కనిపించేది ఇందుకే. వెనక వైపు ప్రయాణికుల కోసం ఒక బల్ల పరిస్తే బాగుంటుంది.

తెడ్లు

తెడ్డు అంటే ఒకే కర్రలో చెక్కినది కాదు. పొడవాటి కర్ర కొసకు కోలగా ఉన్న పలక ముక్క కట్టేవారు. అగరుబత్తి కంటే కాస్త లావుగా చీల్చిన వెదురు పుల్ల, 170 మి.మీ. పొడవు, కొసన 25 మి.మీ. కోల పలక. రెండు చోట్ల దారంతో కట్టండి. పడవ సైజును బట్టి ఎనిమిది నుంచి పన్నెండు మంది దాకా తెడ్లు వేసేవారు. ఈ నమూనాకు పది తెడ్లు చేయండి. వెనక నిలబడి దిశ మళ్లించేవాడి తెడ్డు వీటికంటే పొడవు, 220 మి.మీ. పెట్టండి. పడవలోకి చేరే నీళ్లు తోడటానికి ఒక మనిషి ప్రత్యేకంగా ఉండేవాడు, కుట్టు పడవ కాస్త కారడం మామూలే. అందుకని చిన్న కొబ్బరి చిప్ప ముక్కతో చేసిన గిన్నె ఒకటి అడుగున పెట్టండి.

ఇంకా ఓపిక ఉంటే పక్కన ఒక చిన్న తెప్ప చేయండి. మూడు దుంగలు, కొసలు కాస్త పైకి చెక్కి, రెండు చోట్ల తాడు కట్టు. మద్రాసు అలల్లో మసూలా వెంట తెప్ప మీద మనుషులు వెళ్లేవారు. పడవలోంచి ఎవరైనా జారిపడితే పట్టుకునేది వాళ్లే. తెప్ప లేకుండా మసూలా ఒక్కటే పెడితే సగం కథే చెప్పినట్టు నాకనిపిస్తుంది.

పైపూత

వార్నిష్ వేయకండి. దారాల మధ్య గడ్డకట్టి, కుట్టు మీద ప్లాస్టిక్ పొర కప్పినట్టవుతుంది, కదలిక కూడా పోతుంది. అవిసె నూనెను పాత నూలు గుడ్డతో పలచగా రాసి, పావుగంట ఆగి మిగిలింది తుడిచేయండి. రెండు రోజులు ఆరాక ఇంకోసారి రాయండి. కొబ్బరి నూనె, నువ్వుల నూనె ఆరవు. జిడ్డుగా ఉండిపోయి దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె అంటిన గుడ్డను ఉండ చుట్టి మూలన పడేయడం ప్రమాదం, తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. విప్పి ఆరుబయట ఆరబెట్టాకే పారేయండి.

ఇంట్లో పెట్టుకునే చోటు కూడా చూసుకోండి. కిటికీ ఎండ, ఏసీ గాలి సూటిగా తగిలే చోట వేసవిలో పలకలు కుంచించుకుని కుట్లు వదులవుతాయి, వానాకాలంలో మళ్లీ బిగుస్తాయి. అసలు పడవలకూ ఈ బాధ ఉండేది, తాడు పాడైనకొద్దీ మళ్లీ కుట్టుకునేవారు. మీరు కూడా మిగిలిన టీ రంగు దారం కొన్ని మీటర్లు పడవ కిందే చుట్టి పెట్టుకోండి. వదులైన కుట్టును పుల్లతో లేపి, కొస పట్టి లాగి, లోపల కొత్త ముడి వేయడానికి పది నిమిషాల పని.